కాలువలో మూడు రాళ్ళు

పదో తరగతి పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న వేసవిలో నాలుగు వారాలు నేనొక ఇంజినీరింగ్ కాలేజీలో గడిపాను. ఎనభైల మొదటి సంవత్సరాలవి. హైస్కూలు పిల్లలకు కాలేజీ చదువు రుచి చూపిద్దామని పెట్టిన కార్యక్రమం. బెంగళూరు బడుల నుంచి పద్దెనిమిది మందిని తీసుకున్నారు. మా బడి నుంచి నేనొక్కడినే. బట్టల కొట్టులో పనిచేసే మా నాన్న ఆ ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకుని మా వీధిలో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చూపించాడు.

ఆ నాలుగు వారాలు తలచుకుంటే ముందుగా వచ్చేది అసహ్యం. అది హాస్టల్ గదిలో మొదలైంది. బల్ల సొరుగు లాగితే అంతకుముందు ఉన్నవాడు కత్తిరించి పోసిన గోళ్ళు ఉన్నాయి. మెస్సులో చేతులు తుడుచుకోవడానికి అందరికీ ఒకటే తువ్వాలు, మేకుకు వేలాడుతూ ఉండేది. దాని అసలు రంగేమిటో చివరి రోజు దాకా తెలియలేదు. కంచాలకు వేలు రాస్తే జిడ్డు గీత పడేది. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న గ్లాసుతోనే నీళ్ళు తాగాను, కంచాన్ని రెండుసార్లు కడుక్కుని తిన్నాను. నన్ను చూసి నవ్విన వాళ్ళలో నా రూమ్మేటే ముందు. వాళ్ళ నాన్న ప్రభుత్వ కర్మాగారంలో పెద్ద ఆఫీసరు, ఆంధ్ర నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబం. పొద్దున్నే మెడకు పౌడరు రాసుకుని, జేబులో సెంటు రుమాలు పెట్టుకుని క్లాసుకు వచ్చేవాడు.

ఆఖరి వారం సర్వే. నాకు బాగా నచ్చిన వారం అదే. మూడు కాళ్ళ స్టాండు మీద దుర్బీను లాంటి లెవెల్ యంత్రాన్ని నిలబెట్టి, దూరంగా ఒకరు పట్టుకున్న కొలతల కర్ర మీద అంకె చూడాలి. ఎత్తు తెలిసిన చోట కర్ర పెట్టి వెనక రీడింగు, ముందున్న చోట పెట్టి ముందు రీడింగు. రెండింటి తేడాయే రెండు చోట్ల ఎత్తుల్లో తేడా. అలా అంచెలంచెలుగా మైలు దూరమైనా పోవచ్చు. పేజీ చివర ఒక తనిఖీ ఉంటుంది. వెనక రీడింగుల మొత్తంలోంచి ముందు రీడింగుల మొత్తం తీసేస్తే ఎంత వస్తుందో, చివరి ఎత్తులోంచి మొదటి ఎత్తు తీసేసినా అంతే రావాలి. ఆ రెండు అంకెలూ కలిసినప్పుడు నాకు కలిగిన తృప్తి ఇంకే పాఠంలోనూ కలగలేదు. అయితే ఆ తనిఖీ కూడికలు సరిగా చేశామా లేదా అన్నదే చెబుతుంది. కర్ర నిజంగా అక్కడ నిలబడిందా లేదా అన్నది చెప్పదు. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు.

కర్ర పట్టడం నేర్పింది సర్వే గొలుసూ పెట్టెలూ మోసే చైన్‌మన్. బెంగళూరు దగ్గరి అత్తిబెలె మనిషి, నలభై దాటి ఉంటాడు. పదకొండేళ్ళుగా ఆ కాలేజీలో దినకూలి మీద పని చేస్తున్నాడు. మా ఇంట్లో మాట్లాడే, కన్నడం కలిసిన తెలుగే మాట్లాడేవాడు గనక నాకు చనువు కుదిరింది. ఆ వేసవిలో అతని పని పర్మనెంట్ చేసే మాట నడుస్తోంది. సర్వే లెక్చరర్ సంతకం పెట్టిన సిఫారసు ఉత్తరం ఆఫీసుకు చేరాలి. కార్యక్రమం ముగిసిన మర్నాడే లెక్చరర్ సెలవు మీద వాళ్ళ ఊరు పోతాడు.

"సంతకం ఒకటే మిగిలిండాదప్పా," అని చైన్‌మన్ రోజుకొకసారి అనేవాడు. "అది పడితే నా కెలస నాది. మళ్ళా ఎవుడూ రేపు రావద్దు అనేదానికి లేదు."

శుక్రవారం మమ్మల్ని వ్యానులో బెళ్ళందూరు చెరువు వెనక్కి తీసుకుపోయారు. ఊరి మురుగంతా మోసుకొచ్చే కాలువ ఒకటి అక్కడ ఉంది. కట్ట దగ్గరున్న రాతి గుర్తు నుంచి మొదలుపెట్టి, కాలువ వెంబడి పోయి, కింద కల్వర్టు గోడ మీదున్న ఎర్ర చుక్క ఎత్తు తేల్చాలి. రెండు పక్కలా ముళ్ళకంప దట్టంగా ఉంది. అందుకని మధ్యలో కర్ర నిలబెట్టాల్సినవి కాలువలోనే ఉన్న మూడు రాళ్ళు.

ఆ నీళ్ళు నల్లగా ఉన్నాయి. పైన మీగడలా తెట్టె, తెట్టె మీద బుడగలు. బుడగ పగిలినప్పుడల్లా కోడిగుడ్డు కుళ్ళిన వాసన. ఒడ్డున పంది పిల్ల ఒకటి ఉబ్బి పడి ఉంది. 

ఆ పనికి రెండు జట్లను పంపారు. ఒకటి నేనూ నా రూమ్మేటూ. రెండోది ఇద్దరమ్మాయిలు, వాళ్ళలో ఒకమ్మాయి కాడుగోడి నుంచి వచ్చేది, తల్లి నర్సు. ఆడపిల్లలు మురుగులో దిగరాదని చైన్‌మన్‌ని వాళ్ళకిచ్చారు. మా కర్ర మేమే పట్టుకోవాలి. లెక్చరర్ వ్యాను నీడలో పేపరు పరుచుకుని కూర్చున్నాడు.

దిగే ముందు చైన్‌మన్ నాతో అన్నాడు: "ఆ కల్వర్టు గోడ పోయిన వానల్లో లారీ గుద్ది పడిపోయిండెనప్పా. మళ్ళా కట్టి, చుక్క కొత్తగా పెట్టినారు. పాత అంకె రాదు. చూసుకోండి."

ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి అతను దిగాడు. పిక్కల దాకా మునిగిపోయాడు. కాలితో తడిమి తడిమి రాయి వెతికి, దాని మీద కర్ర నిలబెట్టి, ఎండలో కదలకుండా నిలబడ్డాడు. అమ్మాయిలు రీడింగు రాసుకుని చెయ్యి ఊపేదాకా అలాగే. వాళ్ళ జట్టు ముగించి వెళ్ళిపోయాక మా వంతు వచ్చింది.

"దిగు గురూ," అన్నాడు నా రూమ్మేట్.

"నువ్వు దిగు. యంత్రం నేను చూస్తా."

"నేనా? ఈ ప్యాంటు నిన్ననే ఇస్త్రీ చేయించాను." రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "అసలు ఎవరూ దిగక్కర్లేదు. ఆ ఎర్ర చుక్క ఎత్తెంతో నాకు తెలుసు. నిన్న సార్ బల్ల మీద రిజిస్టర్ చూశాను. మొదలు తెలుసు, చివర తెలుసు. మధ్యలో మూడు రాళ్ళకు రీడింగులు పుట్టించలేవా? లెక్కల్లో పులివి కదా."

నేను పుట్టించాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. చింతచెట్టు కింద కూర్చుని, చివరి నుంచి వెనక్కి లెక్క కట్టి, ఎనిమిది రీడింగులు తయారుచేశాను. చాలా శుభ్రమైన పని. అంకెలు గుండ్రంగా రాకుండా అక్కడక్కడా ఏడూ మూడూ వేశాను. రిజిస్టర్ అంకెతో తేడా సున్నా వచ్చేలా చేస్తే నా రూమ్మేట్ ఒప్పుకోలేదు.

"మరీ సున్నా అయితే అనుమానం వస్తుంది. మూడు మిల్లీమీటర్లు వదులు."

వదిలాను. చైన్‌మన్ చెప్పిన మాట గుర్తు రాలేదని అనలేను. గుర్తుంది. పాత అంకె వేస్తే ఎవరికీ ఏమీ కాదని అనుకున్నాను.

శనివారం లెక్చరర్ పుస్తకాలు దిద్దాడు. మా పేజీని ఎత్తి అందరికీ చూపించాడు. "మూడు మిల్లీమీటర్లు. ఫైనలియర్ వాళ్ళకి కూడా ఇంత బాగా రాదు." తర్వాత అమ్మాయిల పేజీ తీశాడు. ఎర్ర చుక్క రిజిస్టర్‌లో ఉన్న ఎత్తు కంటే నలభై ఆరు మిల్లీమీటర్లు కిందికి వచ్చింది. చైన్‌మన్ గుమ్మం దగ్గర యంత్రాల పెట్టెలు సర్దుతున్నాడు.

"ఏవయ్యా, రాయి మీద పెట్టావా, బురదలో గుచ్చావా?"

"రాయి మీదనే సార్. ఆ గోడ పడిపోయిండె సార్, మళ్ళా కట్టినారు..."

"కడితే వీళ్ళకెలా వచ్చింది పాత అంకె? ఇద్దరు స్కూలు కుర్రాళ్ళు పట్టుకోగలిగిన కర్ర పదకొండేళ్ళ సర్వీసున్నవాడివి పట్టలేవా?"

కాడుగోడి అమ్మాయి లేచింది. "ఆయన రాయి మీదే పెట్టారు సార్. నేను చూశాను."

"నువ్వు చూసింది యాభై గజాల అవతల నుంచి. కూర్చో." లెక్చరర్ సొరుగులోంచి ఒక టైపు కాగితం తీసి చూసి, మళ్ళీ లోపల పెట్టేశాడు. "కర్ర నిలబెట్టడం రానివాడికి నేనేమని రాసివ్వను?"

ఆ అమ్మాయి మా వైపు తిరిగి చూసింది. మొదట మా ముఖాల వైపు, తర్వాత మా కాళ్ళ వైపు.

క్లాసు అయ్యాక నేను లెక్చరర్ దగ్గరికి పోయి, చుక్క జరిగి ఉండొచ్చు కదా సార్ అన్నాను. ఆయన నా భుజం తట్టాడు. "నీ రీడింగే చెబుతోంది కదా జరగలేదని. నీ మీద నీకు నమ్మకం ఉండాలోయ్." ఇక నేను చెప్పగలిగింది ఒక్కటే మిగిలింది, అది చెప్పలేదు. ఆ మధ్యాహ్నం మెస్సులో అన్నం ముందు కూర్చుంటే కంచం జిడ్డు కనబడలేదు. పెన్సిలు పట్టిన నా వేళ్ళు కనబడ్డాయి. తినలేకపోయాను.

ఆదివారం పొద్దున యంత్రాల గది దగ్గర చైన్‌మన్ ఒక్కడే ఉన్నాడు. పిక్కలకు గుడ్డ చుట్టుకున్నాడు. గుడ్డ పైన చర్మం ఎర్రగా పొక్కి, చీము పట్టింది. నేను నిలబడే చెప్పేశాను: మేము దిగలేదు, అంకెలన్నీ నేనే పుట్టించాను.

అతను లెన్సు తుడవడం ఆపలేదు.

"గొత్తప్పా, తెలుసు. మీ ప్యాంట్లు చూసినా. పొద్దున ఎట్ల ఉండాయో సాయంత్రం అట్లే ఉండాయి."

"మరి సార్‌తో ఎందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే? మీ పుస్తకంలో లెక్క సరిగ్గా ఉండాది. నా కాళ్ళు చూపిస్తే లెక్క మారుతుందా?"

"మళ్ళా కొలుద్దాం. ఈ రోజే. నిజమైన పేజీ తెచ్చి ఇస్తా."

అతను నన్ను పైకీ కిందికీ చూశాడు. "ఇద్దరు కావాలప్పా. నేను ఈ కాళ్ళతో దిగను."

"కర్ర నేను పడతా. యంత్రం నువ్వు చూడు."

"నేను దుర్బీను ముట్టరాదు. రూలు."

"చూడటం వచ్చా, రాదా?"

అప్పుడు మొదటిసారి నవ్వాడు. "పదకొండేండ్లు మోసినానప్పా. సార్లు టీ తాగే దానికి పోయినప్పుడు నేనేం చేస్తా ఉంటినని అనుకున్నావు?"

అతని సైకిల్ వెనక యంత్రం పెట్టె కట్టి, కర్ర నా భుజం మీద వేసుకుని పోయాం. నేను దిగాను. ఆ నీళ్ళు వెచ్చగా ఉంటాయని ఒడ్డున నిలబడినవాడికి తెలియదు. అడుగున మెత్తటిదేదో వేళ్ళ మధ్యకు వచ్చేది. ఏమిటో చూడకుండా రాయి వెతికాను. మొదటి రాయి దగ్గర వాంతి అయింది. కర్ర మాత్రం వదల్లేదు.

"సుమ్నె నిలబడప్పా, అల్లాడొద్దు," అని అతను ఒడ్డు మీంచి అరిచాడు. "నువ్వు కక్కుతా ఉంటే కర్ర కూడా కక్కుతా ఉండాది."

ఒక్కో అంకె విడివిడిగా, గట్టిగా చెప్పేవాడు. మూడు రాళ్ళ తర్వాత ఎర్ర చుక్క మీద కర్ర పెట్టినప్పుడు అతను తొందరపడలేదు. మరలు తిప్పాడు, తల ఎత్తి కన్ను తుడుచుకుని మళ్ళీ చూశాడు. తర్వాత చెప్పాడు. నేను గట్టెక్కి పుస్తకంలో రాసి అక్కడే లెక్క కట్టాను. రిజిస్టర్ కంటే నలభై ఎనిమిది మిల్లీమీటర్లు కింద. అమ్మాయిలకు వచ్చినదానికీ మాకు వచ్చినదానికీ తేడా రెండంటే రెండు.

సోమవారం ఆఖరి రోజు. పుస్తకం తీసుకుపోయి లెక్చరర్ బల్ల మీద పెట్టి, శుక్రవారం పేజీ అబద్ధమని చెప్పాను. ఆయన పేజీ తిప్పబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏవిటయ్యా ఈ కంపు?"

"కాలువది సార్."

పెన్సిలు కొనతో పేజీ తిప్పి చదివాడు. అంకెలను అమ్మాయిల పేజీతో పోల్చుకున్నాడు. తర్వాత అడిగాడు: "యంత్రం ఎవరు చూశారు?"

ఆ పేజీలో చూసినవారి పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంచాను.

"వాడు గానీ ముట్టుకున్నాడా? ముట్టుకుంటే ఉత్తరం సంగతి అటుంచి, రేపట్నుంచి గేటు లోపలికి రానివ్వను."

"నేనే చూశాను సార్. ఆయన కర్ర పట్టారు."

"అయితే పేరు రాయి."

రాశాను. చూసినవారు: నేను. కర్ర పట్టినవారు: చైన్‌మన్. ఆయన సొరుగు లాగి, టైపు కాగితం తీసి సంతకం పెట్టాడు. సర్టిఫికెట్ల కట్టలోంచి నాదీ నా రూమ్మేట్‌దీ తీసి పక్కన పడేశాడు. "దొంగ లెక్కలు రాసే జట్టుకు నేనివ్వను," అన్నాడు, రెండు రోజుల క్రితం ఆ లెక్కలనే ఎత్తి చూపించిన చేత్తో. నా రూమ్మేట్ ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. సర్టిఫికెట్ ఏదిరా అని అడిగిన మా నాన్నకు ఏం చెప్పాలో బస్సులో తేల్చుకోవాలి.

వెళ్ళే ముందు యంత్రాల గదికి పోయి సంతకం పడిందని చెప్పాను. చైన్‌మన్ తల ఊపాడు. తర్వాత అడిగాడు: "పుస్తకంలో ఎవురి పేరు రాసినావు?"

చెప్పాను. ఎందుకు రాయాల్సి వచ్చిందో కూడా చెప్పాను.

"సరే," అన్నాడు. కాసేపు లెన్సు మూత తిప్పుతూ ఉన్నాడు. "పదకొండేండ్లలో ఒక్క రీడింగు రాసిరప్పా పుస్తకంలో నాది. అదీ నీ పేరు మీద."

 సంచి భుజానికి వేసుకున్నాను.

"ఎర్ర చుక్క మీద ఎంత వచ్చింది, చెప్పు చూస్తాం," అన్నాడు వెనక నుంచి.

పుస్తకం లెక్చరర్ బల్ల మీద ఉండిపోయింది. రాసింది నేనే, లెక్క కట్టింది నేనే, ఒక్క అంకె కూడా గుర్తు రాలేదు.

అతను పెట్టె మూసి, గొళ్ళెం పెట్టి, నా వైపు చూడకుండానే చెప్పాడు: "ఒకటి. నాలుగు. ఏడు. రెండు."