కంప్యూటర్ గదిలో మా అక్క పెత్తనం

మా అక్క పెత్తనం గురించి చెప్పాలంటే కంప్యూటర్ గది దాకా వెళ్ళనక్కర్లేదు. నాకు ఏ రంగు నప్పుతుందో నలభై ఏళ్ళు వచ్చినా తనే చెబుతుంది. మా బావ గడప దాటబోతుంటే "గొడుగు" అంటుంది. ఆకాశంలో మబ్బుతునక లేకపోయినా ఆయన గొడుగు తీసుకుంటాడు. ఎదురుచెప్పడం కన్నా మోయడమే తేలికని ఆయనకు పెళ్ళైన కొత్తలోనే అర్థమైంది.

ఇద్దరం ఒకే బడిలో పనిచేస్తాం. నేను లెక్కలు చెబుతాను, అక్క కంప్యూటర్ గది చూసుకుంటుంది. నాలుగు వరసల్లో ముప్ఫై రెండు కంప్యూటర్లు. వాటికి ఎదురుగా, అరుగు మీద, అక్క బల్ల. దాని మీద ఒక పెద్ద కంప్యూటర్. అందులో ఒక మీట నొక్కితే ముప్ఫై రెండు తెరల మీదా పాఠం ఒకేసారి తర్వాతి పేజీకి మారుతుంది. ముందే చదివేసినవాడు చేతులు కట్టుకుని కూర్చోవాలి. చదవనివాడి సంగతి దేవుడెరుగు, పేజీ మాత్రం ఆగదు. పేజీ మారగానే ఒక్కొక్కరి పేరు పక్కనా గడి పచ్చబడుతుంది. నెలాఖరుకి ఆ పచ్చటి పట్టిక హెడ్మాస్టరు గది గోడెక్కేది. ఎవరొచ్చినా ఆయన దాన్ని చూపించి, "మా దగ్గర ఒక్కరు కూడా వెనకబడరు" అనేవాడు. అక్క పక్కన నిలబడి వినయంగా నేల చూసేది. ఆ వినయం ఎంత ఉత్తిదో నాకు తెలుసు.

అక్క కూతురు తొమ్మిదో తరగతి. ఆరో తరగతి నుంచీ ఆ గదిలోనే, మూడో వరసలో, కిటికీ పక్కన కూర్చుంటోంది. నోట్లో నాలుక లేని పిల్ల. దాని గడి కూడా ఎప్పుడూ పచ్చగానే ఉండేది.

ఈ ఏడాది సగంలో అక్క పెద్ద కంప్యూటర్ మొరాయించింది. బాగుచేసే అతను వచ్చి, విప్పి చూసి, "పది రోజులు పడుతుంది మేడం" అని పట్టుకుపోయాడు. అది లేకపోతే పిల్లల కంప్యూటర్లకు అడ్డూ ఆపూ ఉండదు. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఏ పాఠమైనా తెరుచుకుంటుంది. "ఏది చదువుకుంటారో చదువుకోండి, అరిస్తే మాత్రం ఊరుకోను" అని చెప్పి అక్క నా దగ్గరికొచ్చి, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయిందే అని మొత్తుకుంది.

రెండు రోజులు అలాగే గడిచాయి. ఒకడు చందమామ పాఠాన్ని పదకొండు సార్లు విన్నాడట. మూడో రోజుకి గది సద్దుమణిగింది. నొక్కడానికి మీట లేక, ఏం చెయ్యాలో తోచక, అక్క వరసల మధ్యకి నడిచింది. ఆ గది పెట్టిన నాలుగేళ్ళలో అదే మొదటిసారి.

తల్లి వస్తోందని చూసి ఆ పిల్ల తెరకు అరచెయ్యి అడ్డం పెట్టింది.

"చెయ్యి తియ్యి" అంది అక్క.

తెర మీద ఒక గుండ్రం, నాలుగు ముక్కలుగా గీసి ఉంది. ఒక ముక్కకు రంగు వేసి ఉంది. అది నాలుగో తరగతి భిన్నాల పాఠం.

అక్క నేరుగా నా దగ్గరికి వచ్చింది. "నీ క్లాసులో అది ఎలా పాసవుతోందే?" అని అడిగింది. దాని పరీక్ష పేపర్లు తీసి చూశాను. క్లాసులో నేను చేసి చూపించిన లెక్కలన్నీ పొల్లు పోకుండా ఉన్నాయి. ఎక్కడ నేను అంకె మార్చానో, అక్కడ పాత అంకె జవాబే ఉంది. పిల్ల లెక్కల్ని కంఠస్థం చేస్తోంది. నేనేమో పక్కన ఎర్ర సిరాతో "తొందరపాటు" అని రాసి మార్కులు వేస్తూ వచ్చాను. దీపం కింద చీకటి అంటారు. మా ఇంట్లో దీపాలు రెండు. మా బడిలో సంవత్సరాంతంలో లెక్కల్లో తప్పితే అదే తరగతిలో మళ్ళీ కూర్చోవాలి.

ఆ సాయంత్రం ఇంట్లో అక్క తన కూతుర్ని అడిగింది. "నాకెందుకు చెప్పలేదే ఇన్నాళ్ళూ?"

"చెబుదామనుకునేలోపు పేజీ మారిపోయేదమ్మా. అందరిదీ పచ్చగా ఉందిగా, అర్థం కానిది నాకొక్కదానికేనేమో అనుకున్నా."

ఆ తర్వాత రెండు రోజులు అక్క ఎవరికీ ఏదీ పురమాయించలేదు. మా బావ గొడుగు లేకుండానే ఆఫీసుకు వెళ్ళాడు.

కంప్యూటర్ బాగై వచ్చాక అక్క పాత పద్ధతి పెట్టలేదు. ఎవరు ఏ పాఠం, ఎన్నాళ్ళు చదవాలో వాళ్ళే చెప్పాలి, వచ్చిందనుకున్న రోజు వాళ్ళే వచ్చి పరీక్ష అడగాలి అంది. "చెయ్యి దురదపెడుతోందే" అని నాతో వారానికోసారి గొణిగేది. ఆ నెల పట్టిక చూసి హెడ్మాస్టరు కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఏంటమ్మా ఇది, ఒక్కొక్కరు ఒక్కో చోట ఉన్నారు."

"ఎప్పుడూ ఒక్కో చోటే ఉన్నారు సార్. నేనే చూడలేదు."

ఆ మాట అనడానికి మా అక్క ఎంత దిగమింగుకుని ఉంటుందో నాకు తెలుసు.

పిల్ల భిన్నాలు దాటింది, దశాంశాలు దాటింది. పరీక్షల నాటికి ఏడో తరగతి లెక్కల దాకా వచ్చింది. ఇల్లలకగానే పండగ కాదు కదా. తొమ్మిదో తరగతి పరీక్షలో తనకు నిజంగా వచ్చినవి మాత్రమే రాసి, పదకొండు మార్కుల తేడాతో తప్పింది.

హెడ్మాస్టరు మా ఇద్దర్నీ పిలిచాడు. "మన పిల్లే కదా. ఈ కాగితం మీద సంతకం పెట్టండి, పై తరగతికి పంపించేద్దాం. ఎవరడుగుతారు?" అన్నాడు.

నిజం చెబుతున్నాను, నేనైతే పెట్టేసేదాన్ని. "పెట్టక్కా" అని కూడా అన్నాను. అక్క కలం అందుకుంది. మళ్ళీ బల్ల మీద పెట్టేసి, కూతుర్ని పిలిపించింది. సంగతంతా చెప్పి, మా ఇంట్లో ఎవర్నీ ఎన్నడూ అడగని మాట అడిగింది.

"నువ్వేమంటావ్?"

పిల్ల ఆ కాగితం తీసుకుని చదివి, మళ్ళీ బల్ల మీద పెట్టింది. "ఉండిపోతాను. నా తోటివాళ్ళంతా పైకి వెళ్ళిపోతారు, ఏడుపొస్తుంది. అయినా ఉంటాను."

"అందరూ నవ్వుతారే."

"నవ్వనీ అమ్మా. ఇన్నాళ్ళూ ఎవరూ నవ్వలేదు, నాకేమొచ్చింది?"

అక్క కాగితాన్ని హెడ్మాస్టరు వైపు జరిపి, "వద్దు సార్" అంది. వరండాలోకి వచ్చాక గోడకు ఆనుకుని, మా ముందే ఏడ్చింది.

"నాకు భయంగా ఉందే" అంది కూతురితో.

"నాకూ భయంగానే ఉందమ్మా" అంది ఆ పిల్ల, తల్లి చెయ్యి పట్టుకుని.