అన్నీ ఏసిండ్రా?

దిల్‌సుఖ్‌నగర్‌లోని మా బట్టల దుకాణానికి వేడిని ఫొటో తీసే కెమెరాతో వచ్చేవాడు కాబట్టి, ఆయన్ని కెమెరాయన అనేవాళ్లం. కరెంటు ప్యానెల్ ముందు నిలబడి మొదట ఒకటే అడిగేవాడు: "అన్నీ ఏసిండ్రా?" ఏసీలు, లిఫ్టు, లైట్లు నడుస్తుంటేనే మూత తీయించేవాడు.

ఓసారి తెరమీద ఒక బోల్టు తెల్లగా మెరిసింది.

"గిది లూజైంది సేటు, కాల్తది. ఇయ్యాల్నే బంద్ వెట్టి బిగియ్యున్రి," అన్నాడు.

దసరా గిరాకీలో దుకాణం బంద్ పెట్టడట మా సేటు! ప్యానెల్‌కి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టాడు. పసుపుకి బోల్టు బిగుసుకుంటుందా? ఇన్సూరెన్సుకి కాగితం కావాలని వారం తర్వాత ఆయన్నే మళ్లీ పిలిచి, ముందే ఏసీలన్నీ ఆపించాడు. ప్యానెల్ చల్లబడితే ఫొటో నీలంగా వస్తుందని తెలివి.

కెమెరాయన కెమెరా బయటికే తీయలేదు.

"గుర్రాన్ని నడిపియ్యకుండ కుంటుతదో లేదో ఎట్ల జెప్పాలె?" అని వెళ్లిపోయాడు. సేటు ఇంకొకణ్ణి తెచ్చి నీలం ఫొటో తీయించుకున్నాడు.

సద్దుల బతుకమ్మ ముందురోజు, జనం కిక్కిరిసి ఉండగా ప్యానెల్ పేలింది. చీరలు చూపిస్తున్న చంపాపేట్ అమ్మాయి చేతులు కాలాయి. దవాఖానలో సేటు "దేవుని దయ, పానం పోలే" అంటుంటే నా ఒళ్లు మండిపోయింది. సంగతి విని వచ్చిన కెమెరాయన మాత్రం నావైపే చూశాడు.

"ఆ ఫొటో తీసిన దినం అన్నీ ఏసిండ్రా?"

ఏసీలు ఆపిన చెయ్యి నాది. నీలం ఫొటో కింద మేనేజరు సంతకమూ నాదే.