మునెమ్మ చేనుకి నా పాట

డెంకణికోట దగ్గర ఏనుగులు రాగిచేలు తొక్కేసిన ఒక ఊళ్లో బియ్యం పంచడానికి హోసూరు చర్చి మిత్రులు వెళ్తూ, పాటలు పాడడానికి గుంటూరు నుంచి నన్నూ రమ్మన్నారు. బియ్యం కంటే నా పాటే ఆ జనాన్ని ఎక్కువ ఓదారుస్తుందని నా నమ్మకం. అందుకే సొంత స్పీకరు కూడా మోసుకెళ్లాను.

కళ్లు మూసుకుని, గొంతు చించుకుని పాడాను. పాట ముగియగానే మునెమ్మ అనే రైతు నేరుగా నా దగ్గరికి వచ్చి స్పీకరును తడిమి చూసింది.

"పాట నచ్చిందా అమ్మా?" అన్నాను వినయంగా.

"పాట సంగతి నాకు తెలీదప్పా. నువ్వు గొంతెత్తినావు, మా ఎద్దు తాడు తెంపుకొని పోయింది. ఏనుగులు కూడా అట్లే పోతాయేమో. చేన్లో సగం రాగి ఇంకా మిగిలుండాది. ఈ పెట్టె ఈడ పెట్టి పోతావా?"

మావాళ్లు పగలబడి నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. మిగిలిన ఆ సగమే ఆమె ఇంటికి ఏడాది తిండి. నా పాటలు రికార్డు చేసి, స్పీకరుతో సహా ఇచ్చి వచ్చాను.

కోతలయ్యాక ఫోన్ చేశాను.

"రాగి ఇంటికొచ్చిందప్పా, ఏనుగులు ఇటు తొంగి చూళ్లేదు," అంది సంతోషంగా. "పక్కచేనోళ్లు కూడా రావడం మానేసినారు."