మెతుకుతో అంటించిన జపాను నవల

జపాను సాహిత్యం కొత్తగా చదవాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను అడుగుతుంటారు. నాకు ముందు చిరాకు వస్తుంది. గడప దాటే వీల్లేకుండా ఎప్పుడైనా బతికారా మీరు అని అడగాలనిపిస్తుంది. అడిగితే మర్యాదగా ఉండదు కాబట్టి, పల్చటి పుస్తకంతో మొదలుపెట్టండి, మొదటిది నచ్చలేదని మానేయకండి అని చెప్పి ఊరుకుంటాను. ఈ సలహా కూడా నా సొంతం కాదు. అమెరికాలో, శాంటా క్లారా ఊళ్ళో ఒక లైబ్రేరియన్ నాకు చెప్పింది.

ఎనభైల మొదట్లో మాట. మా ఆయన కంప్యూటర్ చిప్పులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. పొద్దున్నే ఏడింటికి కారు తీసుకుని వెళ్తే చీకటి పడ్డాకే రావడం. శనివారాలు కూడా రమ్మంటే కిక్కురుమనకుండా వెళ్ళేవారు. ఆయన వీసా మీద వచ్చిన భార్యను కనుక నేను ఉద్యోగం చేయకూడదు. గుంటూరు హైస్కూల్లో నలభై మంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టినదాన్ని, ఇక్కడ రెండేళ్ళ కూతుర్ని చంకనేసుకుని, కిటికీలోంచి పార్కింగ్ లాటు చూస్తూ నిలబడేదాన్ని. డ్రైవింగ్ రాదు. కంపెనీ గ్రీన్ కార్డుకి కాగితాలు పెట్టింది గానీ, అదెప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు.

"కార్డ్ వచ్చేదాకా ఏ గొడవా వద్దు. ఊపిరి కూడా మెల్లగా పీల్చాలి మనం," అనేవారు మా ఆయన.

"మెల్లగా పీల్చీ పీల్చీ నాకు ఊపిరే ఆగిపోయేట్టుంది," అనేదాన్ని నేను.

నడిచి వెళ్ళగలిగిన చోటు ఒక్కటే, లైబ్రరీ. పిల్లను స్ట్రోలర్‌లో కూర్చోబెట్టుకుని వెళ్తే పావుగంట. అక్కడి లైబ్రేరియన్ అరవైకి దగ్గరపడిన ఆవిడ. ఆవిడ తల్లిదండ్రులు జపాను నుంచి వచ్చినవాళ్ళు. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ కాలిఫోర్నియాలోనే. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషే. ఒకరోజు ఆవిడతో, మీ అమెరికా నవలల్లో అందరూ కార్లేసుకుని ఎక్కడెక్కడికో పోతుంటారు, నాకు ఒళ్ళు మండుతోంది, ఇంట్లో పడి ఉండే మనుషుల కథలుంటే ఇవ్వండి అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఇంగ్లీషులోకి అనువాదమైన ఐదు జపాను నవలల పేర్లు చీటీ మీద నంబర్లేసి రాసిచ్చింది.

"వరుస తప్పొద్దు. ఒకటి తెచ్చిచ్చాకే రెండోది," అంది.

నేను పిల్లలకి చెప్పినట్టు నాకు చెప్పింది! అయినా సరేనన్నాను.

మొదటి నవలలో ఒక ముసలావిడ వాన తగ్గాక కూతురింటికి వెళ్దామనుకుంటుంది. నూట ఇరవై పేజీలు వాన పడుతూనే ఉంటుంది. పుస్తకం పట్టుకెళ్ళి కౌంటర్ దగ్గరే దెబ్బలాడాను.

"ఇదేం కథండీ? ఏమీ జరగలేదు."

"చదువుతున్నంతసేపూ మీరేం చేస్తున్నారు?"

"మా ఆయన కోసం ఎదురుచూస్తున్నాను."

"మరి మీ ఇంట్లో ఏం జరిగింది?" అంది. కొత్తవాళ్ళు కత్తులూ యుద్ధాలూ అడుగుతారనీ, ఎవరు గెలిచారో చూసుకుని పోతారనీ, నన్ను మాత్రం మనుషులు పైకి అనకుండా మింగేసిన మాటలు వెతుక్కోమనీ చెప్పి, రెండోది చేతిలో పెట్టింది.

రెండోది దుకాణం వెనక గదిలో ఉండే కోడలి కథ. రోజూ ఇంట్లో అందరి చెప్పులూ తుడిచి గుమ్మం దగ్గర వరసగా పెడుతుంది. తన చెప్పులు మాత్రం పెట్టె అడుగున ఉంటాయి. అది చదివి వెక్కి వెక్కి ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని పప్పు దించి వచ్చేలోపు మా చిన్నది ఆ పుస్తకంలో ఒక పేజీ నిలువునా చించేసింది.

ఇంట్లో జిగురు లేదు. ఉంటే మాత్రం, చిరిగిన కాగితానికి జిగురు కొనే అలవాటు మాకెక్కడిది? ఉత్తరాల కవర్లు, గాలిపటాలు, స్కూలు పుస్తకాలు, అన్నీ మెతుకుతోనే అంటించిన చేతులు. నాలుగు మెతుకులు వేలితో నలిపి, సన్నగా రాసి, రెండు ముక్కలూ కలిపి, పైన బరువు పెట్టాను. చక్కగా అతుక్కుంది. కొంచెం తృప్తి కూడా పడ్డాను.

ఆ ఆదివారం తెలుగు ప్రార్థన కూడికలో, వంటగదిలో కప్పులు కడుగుతూ ఈ సంగతి ఒక పెద్దావిడతో అన్నాను. ఆవిడ చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది.

"అయ్యో చెల్లెమ్మా, అది గవర్నమెంట్ ప్రాపర్టీ కదా! డ్యామేజ్ చేస్తే రికార్డ్‌లో రాస్తారంట. మీ గ్రీన్ కార్డ్ పెండింగ్‌లో ఉంది, జాగ్రత్త. ప్రార్థన చేసుకో."

ఇక లైబ్రరీ వైపు వెళ్ళలేదు. మూడు వారాలు ఆ పుస్తకాన్ని చీరల మధ్య దాచి, పిల్లకీ నాకూ ఆ పార్కింగ్ లాటే లోకమన్నట్టు కూర్చున్నాను. దేవుడా, ఆ మూడు వారాలు! రెండుసార్లు స్ట్రోలర్ గుమ్మం దాకా తీసుకెళ్ళి మళ్ళీ వెనక్కి తెచ్చాను.

గడువు దాటిందని లైబ్రరీ నుంచి పోస్టుకార్డు వచ్చింది. అది మా ఆయన చేతిలోనే పడింది. ఉన్నదంతా చెప్పాల్సి వచ్చింది. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"రేపు ఆఫీస్‌కి వెళ్తూ రిటర్న్ బాక్స్‌లో డ్రాప్ చేస్తాను. ఎవరూ చూడరు. నువ్వింక అటు వెళ్ళకు. లైబ్రరీ కార్డ్ చింపేయ్."

"చింపను."

"ఏంటి నీ మొండితనం? నా కార్డ్ రాకపోతే?"

"మీ కార్డు రాకపోతే మనం వెనక్కి వెళ్ళిపోతాం. ఈ కార్డు లేకపోతే నేను ఈ గదిలో పిచ్చిదాన్నయిపోతాను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన దీపం ఆర్పేసి పడుకున్నారు. పొద్దున్న పుస్తకం కోసం ఇల్లంతా వెతికారు. నేను బియ్యం డబ్బాలో పెట్టానని ఆయనకేం తెలుసు? విసుక్కుంటూ వెళ్ళిపోయారు.

ఆయన కారు మలుపు తిరిగాక నేను బయలుదేరాను. పుస్తకం కౌంటర్ మీద పెట్టాను. లైబ్రేరియన్ పేజీ తెరిచి, అతుకు మీద గోరుతో మెల్లగా గీరింది.

"అన్నమా?"

ఒప్పుకున్నాను. మా వీసా ఫైల్లో రాయకండి అని సిగ్గు విడిచి అడిగాను కూడా.

"మీ ఫైలుతో మాకేం పని? ఇది లైబ్రరీ," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "జపానుతో యుద్ధం రోజుల్లో, జపాను వాళ్ళమని ఇక్కడి గవర్నమెంటు వాళ్ళే మమ్మల్నందర్నీ తీసుకెళ్ళి ముళ్ళకంచె లోపల క్యాంపులో పెట్టారు. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. మా దగ్గరున్నవి నాలుగే పుస్తకాలు. అవి చిరిగితే మా అమ్మ భోజనాల హాల్లో మెతుకులు దాచి తెచ్చి ఇలాగే అంటించేది."

"ఎన్నాళ్ళున్నారు?"

"మూడేళ్ళు. ఎన్నాళ్ళో ముందే చెప్పి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మాదీ అంతేనండీ అనబోయి ఆగాను. నా ఇంటికి కంచె లేదు, తుపాకీ పట్టుకున్న కాపలా లేదు. ఆవిడ కష్టం పక్కన నాది పెట్టుకోవడానికి సిగ్గేసింది. అయినా ఏడుపు ఆగలేదు. ఆవిడ నా చేతికి రుమాలిచ్చి, మెతుకుకి పురుగు పడుతుంది, ఈసారి చిరిగితే నాకివ్వండి అని, మూడో పుస్తకం మీద తేదీ ముద్ర వేసింది.

సాయంత్రం మా ఆయన గుమ్మంలోనే అడిగారు. "ఏమన్నారు? నీ పేరు రాసుకున్నారా?"

"రాసుకున్నారు. మూడో పుస్తకం నా పేరు మీద రాశారు."

ఆయన బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డారు. బల్ల మీదున్న పుస్తకం తీసి, తప్పు పట్టడానికే అన్నట్టు తెరిచారు. అదొక గుమాస్తా కథ. సెలవు రోజు కూడా ఆఫీసరు పిలిస్తే వెళ్తుంటాడు. నేను అన్నం వడ్డించి పిలిచాను. రాలేదు. రెండోసారి పిలిస్తే తలెత్తారు.

"వీడేంటి, వాళ్ళ బాస్‌కి ఒక్క మాట చెప్పడు? రానంటే ఏమవుతుందంట?"

"మీరెందుకు చెప్పరు?" అన్నాను.

పుస్తకం మూసి బల్ల మీద పెట్టారు.

"చెప్తే పంపించేస్తారు," అన్నారు చివరికి.

ఇక్కడికొచ్చిన రెండేళ్ళలో ఆ మాట ఆయన పైకి అనడం అదే మొదటిసారి. నా కోపం ఎటు పోయిందో తెలియదు, ఆయనేమైపోతారోనని నాకు భయం వేసింది. నాకు కనీసం లైబ్రరీ ఉంది.