కరోలినా పక్షం

ఒక వాక్యాన్ని పదహారేళ్లుగా మోస్తున్నాను. అయిదే మాటలు. ఎవరితోనైనా చెప్పుకుందామని మొదలుపెట్టిన ప్రతిసారీ అది గొంతు దాకా వచ్చి, మరో కబురుగా మారిపోయేది. తెలిసినవాళ్లకు చెప్పడం నా వల్ల కాలేదు. మీరు నాకు తెలియదు. అందుకని మీకు చెబుతున్నాను.

విశాఖపట్నంలో ఒక ఆడపిల్లల కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని. పుట్టింది కృష్ణా జిల్లాలో. భర్తకు పోర్టులో ఉద్యోగం రావడంతో ఇక్కడికి వచ్చాను. తేదీల విషయంలో నాకు చెడ్డ పేరుండేది. సంవత్సరం సరిగ్గా రాసి నెల తప్పు రాసినా అర మార్కు కోసేదాన్ని. పిల్లలు వెనక తిట్టుకునేవారు. తిట్టుకుంటూనే, ఏదైనా తేదీ మీద పందెం వేసుకుంటే తీర్పుకి నా దగ్గరికే వచ్చేవారు. మేడమ్ చెప్పిందంటే ఇక తిరుగులేదు. ఆ నమ్మకం చూసి గర్వపడ్డాను. ఇప్పుడు దాన్ని తలుచుకుంటేనే భయం వేస్తుంది.

డిగ్రీ చివరి ఏడాదివాళ్లకు అమెరికా చరిత్ర ఒక పేపరు. అందులో సుంకాల గొడవ పిల్లలకు ఒక పట్టాన ఎక్కేది కాదు. విదేశీ సరుకుల మీద అక్కడి కేంద్రం 1828లో భారీ సుంకం వేసింది. ఉత్తరాది మిల్లులకు అది రక్ష. దక్షిణాదిలో పత్తి పండించేవాళ్లకు ఎక్కువ ధర పెట్టి కొనుక్కోవలసిన శిక్ష. 1832 నవంబరులో దక్షిణ కరోలినా రాష్ట్రం, వచ్చే ఫిబ్రవరి ఒకటి నుంచి ఆ చట్టం మా రేవులో చెల్లదు అని ప్రకటించింది. దేశాధ్యక్షుడు యుద్ధనౌకలు పంపాడు. ఇంతే విషయం. కానీ బోర్డు మీద అట్లాంటిక్ గీసి చెబితే పిల్లలు ఆవలించేవారు. అందుకని కరోలినా రేవు చెరిపేసి మన రేవు గీసేదాన్ని. ఇదిగో డాల్ఫిన్స్ నోస్ కొండ. ఇదిగో కస్టమ్స్ ఆఫీసు. ఆ కనబడే నేవీ ఓడ ఢిల్లీది. ఇప్పుడు చెప్పండి, ఈ గట్టు మీద దిగిన సరుకు మీద సుంకం ఎవరిది? అప్పుడు అందరి కళ్లూ తెరుచుకునేవి.

తరవాత క్లాసుని రెండు పక్షాలుగా విడగొట్టి వాదన పెట్టించేదాన్ని. దానికి నాదొక నియమం ఉండేది. ఎవరికీ నచ్చిన పక్షం ఇవ్వను. నచ్చనిదాని తరఫున మాట్లాడితేగాని చరిత్ర ఒంటబట్టదని నా సిద్ధాంతం. ఏటా అదే పద్ధతి. కాలేజీ అంతటికీ తెలుసు.

డెబ్బై రెండు నవంబరు. కరోలినా ప్రకటనకు సరిగ్గా నూట నలభై ఏళ్లు. ఆ లెక్క క్లాసులో గొప్పగా చెప్పినట్టు గుర్తు. బయట ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కావాలని గొడవలు అప్పుడప్పుడే రాజుకుంటున్నాయి. ఢిల్లీ మాట వినం అని ఊరేగింపులు. అటువంటి నెలలో ఆ పాఠాన్ని ఎందుకు వాయిదా వేయలేదు? సిలబస్ ప్రకారం అది నవంబరులోనే రావాలి. ఈ జవాబు అబద్ధం కాదు. మొత్తం జవాబు అవునో కాదో నాకే తెలియదు.

క్లాసులో పైడితల్లి అని ఒక అమ్మాయి. నాన్న పోర్టులో ఖలాసీ. ఇంట్లో హైస్కూలు దాటిన మొదటి మనిషి. గొంతు ఎటువంటిదంటే, చివరి బెంచీలో గుసగుసలాడినా నాకు వినబడేది. వాదనకు ముందురోజు నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడమ్, నాను ఢిల్లీ పక్క మాటాడతానండి."

"ఎందుకు?"

"మా అయ్య పోర్టులో పని సేత్తన్నాడు కదండి. మా ఇంట్లో ఉడికే బియ్యం ఢిల్లీదేనండి. ఢిల్లీని తిట్టి ఇంటికెలితే మా అమ్మ కూడెట్టదు."

వెనకున్న పిల్లలు కిసుక్కుమన్నారు. నాకూ నవ్వొచ్చింది.

"అయితే నీకు కరోలినాయే" అన్నాను.

"ఓలమ్మో! ఏటి మేడమ్ ఇది, అడిగితే ఇస్తారనుకుంటే!"

"అడిగావు కాబట్టే ఇవ్వను. నా నియమం తెలుసుగా?"

ఇది జరిగింది. ఇలాగే జరిగింది.

మర్నాడు ఆ పిల్ల కరోలినా అయింది. ఎక్కడి నుంచి తెచ్చుకుందో ఆ మాటలు! చాలావరకు నేనిచ్చినవే. పక్క క్లాసుల వాళ్లు వరండాలోకి వచ్చి కిటికీల్లోంచి విన్నారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. నేనూ కొట్టాను. కొడుతూ ఆమె కరోలినా అన్న చోటల్లా మనసులో ఇంకో పేరు పెట్టుకుని వింటున్నానని నాకు తెలిసింది. ఇంట్లో రాజకీయాలు మాట్లాడే చనువు నాకు లేదు. కాలేజీలో ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నేను అనలేనిది ఆ గొంతులో వినాలని నా నియమాన్ని అడ్డం పెట్టుకున్నానా? గొంతు బాగుందని ఇచ్చానా? నియమం కాబట్టి ఇచ్చానా? మూడిట్లో ఏదో ఒకటే నిజమైతే ఎప్పుడో తేలిపోయేది. మూడూ నిజం లాగే కనబడతాయి.

వారం తిరక్కుండానే కాలేజీలు మూతపడ్డాయి. పన్నులు కట్టొద్దన్న నినాదం వచ్చింది. ఉద్యమం నడిపే కుర్రాళ్లకు ఎవరో చెప్పారట, ఫలానా అమ్మాయి రేవు గురించి బ్రహ్మాండంగా మాట్లాడుతుందని. పోర్టు గేటు ఎదుట ఆగిన లారీ ఎక్కించారు. ఆమె మా క్లాసులో చెప్పిందే చెప్పింది. కరోలినా బదులు ఆంధ్ర అంది, అంతే. సుంకం, రేవు, ఓడ, అన్నీ నా బోర్డు మీదివే. పోలీసులు పట్టుకెళ్లి సాయంత్రానికి వదిలేశారు. ఎక్కనని ఎందుకు అనలేదు? బలవంతం చేశారా? ఆ చప్పట్లు రుచించాయా? నేనెప్పుడూ అడగలేదు.

కాలేజీ తెరిచాక విచారణ. ప్రిన్సిపాల్ గదిలో, పై ఆఫీసు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి. విద్యార్థుల్ని రెచ్చగొట్టిన లెక్చరర్లు ఎవరైనా ఉంటే తీసేస్తారని అప్పటికే చెప్పుకుంటున్నారు. నేను లోపలికి వెళ్లేసరికి పైడితల్లి గోడవారగా నిలబడి ఉంది.

ఆయన నన్నడిగాడు. "ఆ మాటలు మీరు చెప్పించినవేనంటోందండీ ఈ అమ్మాయి. మీరే ఆ పక్షం ఇచ్చారట?"

ఒక్క అవును చాలు. నియమం సంగతి చెబితే ప్రిన్సిపాలే ఔనని ఉండేది, ఆవిడకీ తెలుసు. ఉద్యోగం పోయేదేమో. పోకపోయేదేమో కూడా. అంతదాకా ఆలోచించానా? ఆలోచించినట్టు గుర్తు లేదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"పాఠం చెప్పిన మాట నిజం. ఆ పక్షం ఆమే అడిగి తీసుకుంది."

పైడితల్లి నావైపు చూసింది. కోపం వస్తుందనుకున్నాను. కనుబొమలు ముడిపడ్డాయి, లెక్క తప్పు వస్తే బోర్డు వంక చూసే పిల్లలా.

"మేడమ్ ఏదీ తప్పు సెప్పరండి" అంది ఆయనతో. "నానే మరిసిపోయేనేమో. అడిగేనేమోనండి."

అది ఎత్తిపొడుపా? నిజంగా నన్ను నమ్మి తన జ్ఞాపకాన్ని తనే కొట్టేసుకుందా? ఎత్తిపొడుపైతే నాకు కాస్త ఊపిరాడుతుంది. ఈ పదహారేళ్లూ దాన్ని ఎత్తిపొడుపుగా వినాలనే ప్రయత్నించాను. ఆ ముడిపడ్డ కనుబొమలు ఒప్పుకోవు.

టీసీ ఇచ్చి పంపేశారు. చివరి పరీక్షలు రాయలేదు. నియమం ఎరిగిన క్లాసు మొత్తం నోరు మెదపలేదు. వాళ్లకు భయం నేర్పిందీ నేనే కాబోలు. ఆ వేసవిలో నా ఉద్యోగం ఖాయమైంది. పాఠం ఏటా చెప్పాను. పక్షాలు పంచడం మానేశాను. బోర్డు మీద మన రేవు గీయడం కూడా.

ఎనభై అయిదులో రిటైరయ్యాక ఒకరోజు కూర్మన్నపాలెం వెళ్లాను, మా చెల్లెలి ఇంటికి. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. జంక్షన్ దగ్గర రోడ్డువార కూరగాయల బుట్టలు. పంచాయతీకి ఆశీలు పన్ను వసూలు చేసేవాడితో ఒకావిడ తగువు పడుతోంది. ముందు గొంతు గుర్తుపట్టాను.

"ఈ నేలేటి, మీ పంచాయతీదేటి? స్టీల్ ప్లాంటోలు ఎప్పుడో తీసీసుకున్నారు. ఇది ఢిల్లీ నేల. ఢిల్లీ నేల మీద కూకుని నీకెందుకు కట్టాలి ఆశీలు?"

"రోజూ ఈ గొడవేటే పైడీ? ఢిల్లీ నుంచొచ్చి ఊడుత్తారేటి నీ తోటకూర సెత్త? ఇచ్చీ, తల్లీ."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వుతూ తల తిప్పి నన్ను చూసింది.

"ఓలమ్మో, మా మేడమ్!" చేతులు చీరకు తుడుచుకుని లేచింది. "ఒరేయ్, ఈవిడినడుగు. ఈవిడ సెప్తే ఇంక తిరుగులేదు. మేడమ్, సెంటర్ నేల మీద పంచాయతీ వసూలు సెయ్యొచ్చాండి?"

అన్నేళ్లకి తను కోరుకున్న పక్షం దొరికింది ఆ పిల్లకి. ఢిల్లీ పక్షం. సాక్షిగా మళ్లీ నేనే.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

అది నిజం. నాకు తెలియదు. కానీ చెప్పవలసిన నిజం అది కాదు, ఇంకోటి నాలిక మీద ఉంది. ఆమె ఆశీలువాడి చేతిలో పావలా పెట్టింది. నాకు తోటకూర కట్ట ఇచ్చింది. డబ్బులు వద్దంది. నేను బస్సెక్కాను.

కరోలినా కథకు చివర ఒక ముక్క ఉంది. క్లాసులో పిల్లలు దానికి నవ్వేవారు. 1833 మార్చిలో కేంద్రం సుంకం తగ్గించడానికి ఒప్పుకుంది. కరోలినా తన ప్రకటన వెనక్కి తీసుకుంది. అంతటితో ఊరుకోక, తన మీదికి సైన్యాన్ని పంపడానికి కేంద్రం చేసుకున్న చట్టం చెల్లదని ఇంకో ప్రకటన చేసింది. అప్పటికి ఆ చట్టంతో ఎవరికీ పని లేదు. ఎందుకు మేడమ్ మరి, అని అడిగేవారు. పరువు కోసం అని చెప్పేదాన్ని, అదే రాయించేదాన్ని. ఇప్పుడైతే ఏం చెబుతానో. పని లేకపోయినా కొన్నిటిని చెల్లవని ఒకసారి పైకి అనకపోతే మనిషికి నిద్ర పట్టదేమో.

ఆ పక్షం పైడితల్లి అడగలేదు. వద్దంది. నేను ఇచ్చాను.