సముద్రపు చేపే తిన్నాం

పటాన్‌చెరు సంతకు ఆదివారం పొద్దున్నే వెళ్తే, చివరి వరసలో ఒకావిడ వెదురు గంపలో చెరువు చేపలు పెట్టుకుని కూర్చునేది. నాకంటే పదిహేనేళ్లు పెద్దది. వాళ్లాయన ఊరి చెరువులో వల వేస్తే, ఆవిడా కూతురూ తెచ్చి అమ్మేవాళ్లు. పెళ్లయి కాకినాడ నుంచి వచ్చిన నాకు ఆ ఊళ్లో మొదట దగ్గరైన మనిషి ఆవిడే. మా ఆయనకు ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఉద్యోగం, కంపెనీ క్వార్టర్లో కాపురం. మేం కొర్రమీను అనే చేపను ఆవిడ కొర్రమట్ట అనేది. దాన్ని బూడిదతో రాయి మీద ఎలా తోమాలో, పులుసులో మెంతిపొడి ఎంత వెయ్యాలో ఆవిడే నేర్పింది. ఏడాది పాటు వారం వారం ఆవిడ దగ్గరే కొన్నాను.

తర్వాత మానేశాను. ఎందుకు మానేశానో ఆవిడకు చెప్పలేదు.

కెమిస్ట్రీలో డిగ్రీ ఉండటంతో దగ్గర్లోని ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో నాకు పని దొరికింది. తొంభైల మొదటి రోజులవి. బయటికి వదిలే నీళ్లను పరీక్ష చేసి రిజిస్టరులో రాయడం నా పని. మొదటి నెలలోనే నాకు విషయం అర్థమైంది. గట్టి వాన పడ్డ రోజు వెనక గోడ దగ్గర తూము ఎత్తేవారు. పసుపుపచ్చగా, ముక్కు మండే వాసనతో ఆ నీళ్లు వాగులో కలిసి, ఆవిడ భర్త వల వేసే చెరువులోకే పోయేవి. తనిఖీకి వస్తారని తెలిస్తే ట్యాంకులోకి బోరు నీళ్లు వదిలి, బాగా పలచబడ్డాకే నమూనా తీయమనేవాడు మా పై అధికారి.

"అందరూ చేసేదేనమ్మా. రాసెయ్యి," అనేవాడు.

రాశాను. కింద సంతకం పెట్టాను.

ఒకరోజు ఇంటికొచ్చి మా ఆయనతో, "ఇకనుంచి చెరువు చేపలు వద్దండీ," అన్నాను. కారణం చెప్పాను. ఆయన, "మరి ఆవిడకు చెప్పావా?" అన్నాడు.

"చెబితే ఊరంతా తెలుస్తుంది. ఎవరు చెప్పారంటే నా పేరే వస్తుంది. ఉద్యోగం పోతుంది."

ఆయన మళ్లీ అడగలేదు. ఇంకోసారి అడిగి ఉంటే చెప్పేదాన్నేమో అని చాలాకాలం అనుకున్నాను. నా తప్పులో సగం ఆయన మీద వెయ్యడానికే అలా అనుకునేదాన్నని తర్వాత తెలిసింది.

మా మేనమామ కాకినాడ రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తెలిసినవాళ్లు రైల్లో వస్తుంటే థర్మోకోల్ పెట్టెలో ఐసు నింపి మాకు చేపలు పంపేవాడు. ఎప్పుడూ కానాగంతలే. వంజరం పంపమని అడిగితే నవ్వేవాడు. "వంజరం ఎదగడానికి ఏళ్లు పడుతుందే. కానాగంతలు అలా కాదు. ఏడాది తిరిగేసరికి గుడ్లు పెట్టేస్తాయి, గుంపులు గుంపులుగా వస్తాయి. గుడ్ల కాలంలో వాటి జోలికి పోకుండా ఉంటే సముద్రం మళ్లీ మళ్లీ ఇస్తుంది," అనేవాడు. చిన్న పడవల వాళ్లు పట్టినవే ఏరి పంపేవాడు. సన్నకన్ను వలలతో పిల్లచేపల్ని కూడా ఊడ్చుకొచ్చే పెద్ద బోట్ల సరుకు ముట్టుకునేవాడు కాదు. గుడ్లమీద ఉండే నెలల్లో మా ఇంటికి పెట్టె వచ్చేది కాదు.

ఈ మాటలన్నీ నేను క్వార్టర్స్‌లో గొప్పగా చెప్పుకునేదాన్ని. మేం తినే చేప ఎవరికీ చెరుపు చేయదు అనేదాన్ని. పగలు ల్యాబులో ఏం రాసి వస్తున్నానో తెలిసుండీ ఆ మాట అనగలిగాను.

మూడు నెలల తర్వాత సంతలో కూరగాయలు కొంటుంటే ఆవిడే పిలిచింది.

"ఏందమ్మా, నా దిక్కు సూస్తనే లేవు. నా చాపలు మంచిగ లేవా?"

"అలాంటిదేం లేదక్కా. మా మామయ్య సముద్రం చేపలు పంపిస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ మాకు అదే అలవాటు."

"గంతేనా. నేను పరేషాన్ అయిన, ఏమన్న తప్పు జేసిననేమో అని."

ఆ మాట విన్నాక కూడా నేను టమాటాలు ఏరుకుంటూనే ఉన్నాను.

నాకు ఐదో నెల వచ్చినప్పుడు ఆవిడ మా క్వార్టర్ వెతుక్కుంటూ వచ్చింది. స్టీలు డబ్బాలో నీళ్లు పోసి, బతికున్న కొర్రమట్టను తెచ్చింది.

"నీ సంగతి పాలాయన జెప్పిండు బిడ్డా. ఊకె ఎందుకు తెచ్చినవ్ అనకు, కడుపుతోని ఉన్నోళ్లు ఇది తినాలె. రక్తం పడతది. మా బిడ్డకు గూడ ఐదో నెలనే. దినాం ఇదే పెడుతున్న."

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. 'పెట్టకక్కా' అంటే చాలు. నోటిదాకా వచ్చింది కూడా. "ఎందుకక్కా ఇంత శ్రమ, కూర్చో, టీ తాగి వెళ్దువుగాని," అన్నాను. ఆవిడ టీ తాగింది. నా కాళ్లు వాచాయేమో చూసింది. వెళ్లేటప్పుడు, ఎండలో తిరగొద్దని చెప్పి వెళ్లింది.

నీళ్లు లేని తొట్టిలో వేసిన చేప చాలాసేపు కదులుతూనే ఉంది. దాని కదలిక ఆగిపోయాక ఇంటి వెనక బొప్పాయి చెట్టు పక్కన గుంట తీసి పూడ్చాను. సబ్బుతో చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. ఆ పూట అన్నంలోకి కానాగంతల పులుసు ఉంది. తిన్నాను.

ఆవిడ కూతురికి ఏడో నెలలో కడుపు పోయింది. చెరువు చేప వల్లే అని నేను చెప్పలేను. ఏ డాక్టరూ చెప్పలేదు. కాదని చెప్పడానికీ నా దగ్గర ఏమీ లేదు. నాకు ఆడపిల్ల పుట్టింది, ఆరోగ్యంగా. ఇంట్లో అంత దుఃఖం పెట్టుకుని కూడా ఆవిడ వచ్చి నా బిడ్డ చేతికి నల్లపూసలు కట్టి వెళ్లింది.

మరుసటి ఏడు తొలకరికి చెరువులో చేపలన్నీ చచ్చి తేలాయి. మా ఆయన ముత్తంగి వైపు నుంచి స్కూటర్ మీద వస్తూ చూశాడట. తెల్లటి పొట్టలు పైకి తేలి ఉన్నాయని, జనం గోనెసంచుల్లో నింపుకుంటున్నారని చెప్పాడు. పాపను ఆయన చేతిలో పెట్టి ఆటో ఎక్కాను.

ఆవిడ గట్టు మీద కూర్చుని, ఇంకా కొన ఊపిరితో ఉన్న చేపల్ని గంపలోకి ఏరుతోంది. కూతురు పక్కన నిలబడి ఉంది.

"అక్కా, ఇవి అమ్మొద్దు. మీరూ తినొద్దు. మా ఫ్యాక్టరీ నీళ్లు ఇందులోకే వదులుతున్నారు. నాకు తెలుసు," అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. "ఎప్పటిసంది ఎరుక?"

"రెండేళ్లు కావస్తోంది."

"నా బిడ్డ తిన్నప్పుడు గూడ ఎరుకేనా?"

"తెలుసక్కా."

"నేను దెచ్చిన చాప తిన్నవా నువ్వు?"

"లేదు. పూడ్చిపెట్టాను."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గంప ఎత్తి చేపల్ని గట్టు మీదే కుమ్మరించింది. కూతురు, "ఇగ పో ఇక్కడికెల్లి," అంది నాతో.

ఆ వారం నాకు తెలిసినదంతా రెండు కాగితాల మీద రాసి ఊరివాళ్లకు ఇచ్చాను. అదే రోజు ఉద్యోగానికి రాజీనామా చేశాను. అది ధైర్యమని ఎవరైనా అంటే నాకు సిగ్గేస్తుంది. ధైర్యం అవసరమైన రోజు నేను టీ పెట్టి ఇచ్చాను. నా కాగితాలు ఏ కోర్టుకు పోయాయో, ఏం పనికొచ్చాయో సరిగ్గా తెలియదు. కేసు ఏళ్ల తరబడి నడిచింది. చెరువు మాత్రం బాగుపడలేదు.

ఆ తర్వాత సంతలో ఆవిడ దగ్గర ఎవరూ కొనడం లేదని తెలిసింది. వేరే ఊరి చెరువు నుంచి తెచ్చినా నమ్మడం లేదట. మా మామయ్యతో మాట్లాడాను. ఆవిడకు సముద్రం చేపలు పంపుతానన్నాడు. నాకు ముఖం చెల్లక మా ఆయన వెళ్లి అడిగాడు. నాలుగు నెలలు కబురు లేదు. ఒక సాయంత్రం ఆవిడే వచ్చింది, లోపలికి రాలేదు.

"గా సముద్రంల ఏం కలవదా? అన్ని జెప్పు. ఒక్కటి గూడ దాయకు."

ఈసారి తెలిసినదంతా చెప్పాను. రేవు పక్కన కూడా ఫ్యాక్టరీలున్నాయని, ఒడ్డున పట్టినవి వద్దని, లోపల చిన్న పడవలు పట్టిన కానాగంతలే అడగమని చెప్పాను. వేసవిలో గుడ్లు పెట్టే రెండు నెలలు సరుకు రాదని, ఎవరైనా తెచ్చినా కొనకూడదని, అరచేతి కంటే చిన్నవి వెనక్కి పంపెయ్యమని చెప్పాను. ఆవిడ గడప అవతల నిలబడే విన్నది.

"రెండు నెలలు గంప ఖాళీ పెట్టాల్నా?"

"పెట్టాలక్కా."

"సరే. నీ కోసం గాదు. ఇంట్ల పొయ్యి వెలగాలె."

అలా మొదలుపెట్టింది. మొదట ఆ వాసన పడదని తిట్టుకున్నవాళ్లే తర్వాత వేపుడుకు అలవాటు పడ్డారు. పదేళ్ల పైనే అమ్మింది. వేసవిలో ఆ రెండు నెలలు ఎండబెట్టిన చింతచిగురు, పెసర్లు అమ్ముకుందే తప్ప మాట తప్పలేదు. నేను వెళ్తే అందరితో పాటే తూచి ఇచ్చేది. కబుర్లుండేవి కావు.

ఆవిడ చనిపోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికి పక్కనే ఉన్న ఇంద్రేశంలో ప్లాట్లు పడి కొత్త ఇళ్లు లేస్తున్నాయి. ఆ రోడ్డు మీద కూతురు ఐసుపెట్టె పెట్టుకుని కానాగంతలు అమ్ముతుంటే చూసి ఆగాను. పక్కన స్కూలు యూనిఫాంలో ఒక పిల్ల హోంవర్కు రాసుకుంటోంది.

"అమ్మ సంగతి ఇప్పుడే తెలిసింది," అన్నాను.

ఆమె చేప పొట్ట చీలుస్తూ తల ఎత్తలేదు. "మా అమ్మ నీ గురించి ఒక్కటే అనేది. ఆలస్యంగనైన నోరు ఇప్పింది గద, అని. మాఫ్ జేసిందనుకుంట."

ఆమె ఆ చేపను కడిగి పక్కన పెట్టింది.

"నేను జేయలే," అంది. "చాపలు మాత్రం మంచియే. కిలో ఇయ్యాల్నా?"

ఇవ్వమన్నాను. శుభ్రంగా కోసి, కడిగి, సంచిలో వేసి ఇచ్చింది. తీసుకుని ఇంటికి వచ్చాను.