నేను మార్చని కెప్టెన్

పదేళ్లు దాటింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మోసీ మోసీ అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. పొద్దున అద్దం ముందు నిలబడితే చాలు, నా మీసం నన్నే గుచ్చుతుంది. ఈ మాటకు మీకు నవ్వొస్తే రానివ్వండి. మేము కూడా నవ్వుకుంటూనే మొదలుపెట్టాం.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్ల మొహం చూసి చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితంతో పని పడేది కాదు.

మాది ఎల్లారెడ్డి. 2012లో నేను కామారెడ్డిలో ఒక ఇంటర్నెట్ సెంటర్ చూసుకునేవాణ్ని. డిగ్రీలో కలిసి చదివిన స్నేహితులం ఐదుగురం. మాలో నవీన్ కొన్నాళ్లు హైదరాబాద్‌లో ఉండి వచ్చి మాకు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పిచ్చి అంటించాడు. మాలో ఏ ఒక్కడూ ఎన్నడూ ఫుట్‌బాల్ తన్నిన పాపాన పోలేదు. అయినా ఆ ఏడాది ఆగస్టు నుంచి మే దాకా అదే లోకం. నెట్‌లో ఒక ఆట ఉండేది. అక్కడి ఆటగాళ్లలోంచి ఎవరికి వాళ్లు ఒక టీమ్ ఎంచుకోవాలి. వాళ్లు అక్కడ నిజంగా గోల్ కొడితే ఇక్కడ మనకు పాయింట్లు. టీమ్‌లో ఒకణ్ని కెప్టెన్‌గా పెట్టుకుంటే వాడి పాయింట్లు రెట్టింపు. వారం వారం మ్యాచ్‌లకు ముందు కెప్టెన్‌ను మార్చుకోవచ్చు. అంతే ఆట. ఆ పేర్లు మాకు నోరు తిరగక మేమే పేర్లు పెట్టుకున్నాం. ఒకడు బోడన్న, ఒకడు బక్కోడు, ఒకడు గడ్డం సేటు.

మా ఐదుగురిలో సాయిలుది లింగంపేట దాటి లోపలికి పోతే వచ్చే చిన్న పల్లె. రెండెకరాల్లో వరి, మక్క. వాళ్లమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. ఆ ఊళ్లో నెట్ లేదు, వాడి దగ్గర ఉన్నది బటన్ల ఫోను. అందుకని వాడి టీమ్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉండేది. ప్రతి వారం పొలం గట్టు మీద నుంచి ఫోన్ చేసి ఏం మార్చాలో చెప్పేవాడు, నేను అలాగే నొక్కేవాణ్ని. పెట్టినవా అని మళ్లీ ఒక్కసారి కూడా అడిగిన మనిషి కాదు. ఇది గుర్తు పెట్టుకోండి. నేను మరిచిపోదామని చూసిన మొదటి సంగతి ఇదే.

పందెం చెప్పింది నేను. బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ, ఆఖరున నిలిచినవాడు మీసం తీసేయాలన్నాను. తండ్రి బతికుండగా మా దిక్కు ఎవరూ మీసం తీయరు. బాపు పోయాకే తీస్తారు. ముందే తీస్తే తండ్రి చావు కోరుకున్నట్టేనని పెద్దవాళ్ల నమ్మకం. నవీన్ నసిగాడు. నేను పోజు కొట్టాను. డిగ్రీ చదివి ఇంకా ఇవేనా అని, వెంట్రుకలకు ఆయుష్షుకు ఏం సంబంధమని, చాయ్ చల్లారేదాకా ఉపన్యాసం ఇచ్చాను. అందరికంటే ముందు సరే అన్నది సాయిలు. నా మాట నమ్మి అన్నాడా, నన్ను చిన్నబుచ్చలేక అన్నాడా? ఇప్పటికీ నాకు తెలియదు.

ఫిబ్రవరిలో మా బాపుకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క మొత్తం పడిపోయింది. మూతి వంకరపోయింది. నా పేరు పిలవబోయి, పిలవలేక, ఎడమ చేత్తో మంచం పట్టె కొట్టేవాడు. ఇంకోసారి వస్తే కష్టమని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. నేను ఆస్పత్రికీ ఇంటికీ తిరగడంలో నా టీమ్ గాలికి పోయింది. ఎవరు ఆడుతున్నారో, ఎవరికి దెబ్బ తగిలిందో చూసే తీరికే లేదు. కానీ సాయిలు చెప్పినవి మాత్రం వారం వారం నొక్కుతూనే ఉన్నాను. ఇది నిజం. ఆఖరి వారం ముందు దాకా నేను వాడికి ఏ లోటూ చేయలేదు.

ఆ ఆఖరి వారానికి మిగతా ముగ్గురూ అందనంత పైకి పోయారు. అడుగున మిగిలింది నేనూ సాయిలూ. వాడు నాకంటే తొమ్మిది పాయింట్లు ముందున్నాడు. ఆ పట్టిక చూడగానే నా చేయి మీసం మీదికి పోయింది. వెంట్రుకలకు ఆయుష్షుకు సంబంధం లేదని చెప్పింది నేనే కదా? నేనే. కానీ ఉపన్యాసం ఇచ్చిన రోజు మా బాపు గడ్డివాము మీద నిలబడి మోపులు అందుకుంటున్న మనిషి. ఇప్పుడు మంచంలో ఉన్నాడు.

ఒక్క మాట చెప్తే అయిపోయేది. బాపుకు ఇట్లుంది, నాకు భయమైతున్నది, పందెం వద్దు. ఎవడు కాదనేవాడు? ముందే ఎందుకు చెప్పలేదని సాయిలు నన్నే తిట్టేవాడు. మరి ఎందుకు చెప్పలేదు? దీనికి పదేళ్లలో చాలా జవాబులు వెతికాను. బాపు బాధలో బుద్ధి పనిచేయలేదని ఒకసారి, వయసు అలాంటిదని ఒకసారి. అవన్నీ నా మీద నాకున్న జాలి. అసలు జవాబు చిన్నది. చాయ్ ముందు కొట్టిన పోజు పోతుందని చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"ఏం జేస్తున్నవ్‌రా? బాపు ఎట్లున్నడు?"

"గట్లనే ఉన్నడు. ఏం మార్చాలె, చెప్పు."

"ఒక్కటే. బోడన్నను తీసేసి బక్కోన్ని కెప్టెన్ పెట్టు. గిదే ఆఖరుది గదా, బక్కోడు ఇయ్యాల కొడ్తడు సూడు."

"సరే, పెడ్త."

"ఇగో, మా బాపు ఈ వారంల మీ బాపును సూడనీకి వస్తడంట. ముంజలు కొట్టుకొస్త అంటుండు. తింటడా?"

"తింటడు."

ఫోన్ పెట్టేశాను. వాడి టీమ్ తెరిచాను. బక్కోడి పేరు కనిపిస్తోంది. రెండు సార్లు నొక్కితే అయిపోయే పని. కరెంటు ఉంది. నెట్ ఉంది. సెంటర్లో ఎవరూ లేరు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మూసేశాను. మళ్లీ తెరిచాను. మళ్లీ మూసేశాను. ఆటల టైమ్ అయి, ఇక మార్చడానికి వీల్లేదని వచ్చేదాకా నేను మరో పని పెట్టుకుని కూర్చున్నాను, ఎవరివో రేషన్ కార్డు కాగితాలు జిరాక్స్ తీస్తూ.

తెల్లారి చూశాను. బక్కోడు మూడు గోల్స్ కొట్టాడు. బోడన్న ఏమీ చేయలేదు. సాయిలు నాకంటే నాలుగు పాయింట్లు వెనకబడ్డాడు. కెప్టెన్ మారి ఉంటే వాడు నాకు అందేవాడే కాదు.

బక్కోణ్ని పెట్టమన్నానని సాయిలు చెప్పగానే నవీన్ పట్టేశాడు, వాడి కెప్టెన్ మారనేలేదని. మార్చబోతుంటే కరెంటు పోయిందని చెప్పాను. ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడూ పోయేది, ఎవరికీ అనుమానం రాలేదు. అయితే పందెం రద్దు చేద్దామన్నాడు నవీన్. అదిగో, అప్పుడు కూడా నాకు దారి దొరికింది. సరే అంటే చాలు. నేను నోరు తెరిచేలోపే సాయిలు అడ్డుపడ్డాడు.

"కరెంటు పోతే వాడేం జేస్తడురా? మాటంటే మాటనే."

నోరు తెరిచేలోపే అన్నాను కదా, అది కూడా అబద్ధం. నేను నోరు తెరవలేదు. వాడు నవ్వుకుంటూ మంగలి షాపులో కుర్చీ ఎక్కాడు. మేం నలుగురం చుట్టూ నిలబడి ఈలలు వేశాం. ఫోన్లో ఫోటో తీసింది నేనే.

మూడు రోజులకు వాళ్ల బాపు ముంజలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఒక్కొక్కటి వేలితో తీసి మా బాపు నోట్లో పెట్టాడు. పెడుతూ నా వైపు చూసి నవ్వాడు.

"సూసినవా బిడ్డా, మావోనికి తొందరెక్కువ. నేను ఇంకా లేచి తిరుగుతుంటెనే నున్నగ తీసిండు."

మా బాపు కూడా సగం మూతితో నవ్వాడు. నేను చెంబు తీసుకుని నీళ్లకని బయటికి వచ్చేశాను.

జూన్ మొదట్లో నారుమడి దగ్గర సాయిలు వాళ్ల బాపు ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. లింగంపేట దాకా కూడా తీసుకుపోలేకపోయారు. జ్వరమని ఒక రోజు పడుకున్న మనిషి కాదు. నేను పోయేసరికి వాకిట్లో జనం. వాళ్లమ్మ సాయిలు రొమ్ము మీద కొడుతూ ఏడుస్తోంది. "మీ బాపు ఉండంగనే తీస్తివి గదరా, నీ చేతులార తీస్తివి గదరా" అదే మాట, మళ్లీ మళ్లీ. చుట్టూ ఉన్నవాళ్లు ఆమెను ఆపారు గానీ, ఆ మాట తప్పని ఎవరూ అనలేదు. కర్మ రోజు మంగలి వచ్చినప్పుడు సాయిలుకు మీసం సరిగా పెరగనే లేదు. ఉన్న కాస్త తీయించుకుని తల వంచుకుని కూర్చున్నాడు. అసలు నేను ఓడేవాణ్ని కాదు, కరెంటు పోయింది, అని వాడు వాళ్లమ్మకు చెప్పుకోవచ్చు. చెప్పుకోలేదు. నా పేరు ఎక్కడ వస్తుందోనని చెప్పుకోలేదేమో.

ఆమె ఎక్కువ రోజులు ఆ ఇంట్లో ఉండలేదు. మహమ్మద్‌నగర్‌లో కూతురి దగ్గరికి పోయింది. కొడుకు మొహం చూడలేనన్నదట. ఆ ఆగస్టులో మాలో ఎవరూ కొత్త టీమ్ కట్టలేదు. ఆపేద్దామని కూడా ఎవరూ అనలేదు.

మా బాపు లేచాడు. నెమ్మదిగా, కర్ర పట్టుకుని, మాట ముద్దగా వచ్చినా లేచాడు. ఇప్పటికీ ఉన్నాడు. సాయిలు రాడేందిరా అని అప్పుడప్పుడు అడుగుతాడు.

రెండు సార్లు బస్సెక్కి లింగంపేట దాకా పోయాను. రెండు సార్లూ వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చాను. ఒకసారి ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణం ముందు వాడే ఎదురయ్యాడు. చిక్కిపోయాడు. మీసం మళ్లీ పెంచనేలేదు. నన్ను చూసి ఆగాడు. "బాపు మంచిగున్నడా?" అన్నాడు. ఉన్నాడన్నాను. "మంచిగ సూసుకో" అని, బస్తా సైకిల్ మీద సర్దుకుని వెళ్లిపోయాడు.

మీరు చదువుకున్నవాళ్లు, మీసానికి చావుకు సంబంధం లేదంటారు. నాకూ తెలుసు. ఆ లెక్కన నాది ఉత్త ఆటలో చేసిన చిన్న మోసం. ఈ మాటను పట్టుకుని ఎన్నోసార్లు గట్టెక్కుదామని చూశాను. కానీ నమ్మకం లేకపోతే నేను ఆ పని ఎందుకు చేశాను? నమ్మాను కాబట్టే చేశాను. నమ్మి, మా ఇంటి మీద ఉందనుకున్న గండాన్ని తీసుకుపోయి నన్ను నమ్మినవాడి ఇంటి మీద పెట్టాను. ఆయన చావుకు నేను కారణం కాకపోవచ్చు. పోతే అటు పోనీ అనుకున్నది మాత్రం నేనే.

ఇంకొకటి ఉంది. ఇంతసేపూ దీని చుట్టూనే తిరుగుతున్నాను. ఆ రోజు చావు కబురు నవీన్ ఫోన్లో చెప్పినప్పుడు నేను ఏడ్చాను. సొంత తండ్రి పోయినట్టు ఏడుస్తున్నాడని మా అమ్మ అందరికీ చెప్పింది. కానీ ఆ ఏడుపు రాకముందు, ఒక్క క్షణం, నేను మంచం మీదున్న మా బాపు వైపు చూశాను. గండం గడిచిందనుకున్నాను. ప్రాణం తేలికపడింది. సాయిలు వాళ్ల బాపు అక్కడ శవమై ఉంటే, ఇక్కడ నాకు ప్రాణం తేలికపడింది.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు. అడగాల్సినవాళ్ల దగ్గరికి ఎప్పుడు పోతానో, పోతానో లేదో కూడా మాట ఇవ్వలేను. నా మాట విలువ ఎంతో మీకిప్పుడు తెలుసు. ఇది రాశాక ఛాతీలో కాస్త గాలి ఆడుతోంది. అది కూడా దొంగిలించినట్టే ఉంది.

ఆ సీజన్‌ను మేం సరిగా ముగించలేదు. ఇప్పుడు ముగిస్తున్నాను. సాయిలు ఓడిపోలేదు. ఆఖరున నిలిచింది నేను.